మనవడు విప్పిన మహలు

మధురకు చుట్టాలు వస్తే మేము రెండు చోట్లకు తప్పకుండా తీసుకెళతాం. ముందు మీనాక్షమ్మ గుడి, తరవాత తిరుమల నాయకుని మహలు. గుడి నుంచి మహలు నడిచి వెళ్ళే దూరమే. లోపలికి అడుగుపెట్టి, ఆ స్తంభాల మొదట్లో నిలబడి తల పైకెత్తి చూసినవాళ్ళు కాసేపు మాట్లాడరు. "ఎంత పెద్ద భవనం!" అని వాళ్ళు తేరుకున్నాక నేను ఒక మాట చెబుతాను. "మీరు చూస్తున్నది నాలుగో వంతే. తక్కిన మూడు వంతులు ఎప్పుడో పోయాయి."

వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. ఎవరు కూల్చారు? ఉత్తరం నుంచి వచ్చిన సేనలని ఒకరు ఊహిస్తారు. తెల్లవాళ్ళని ఇంకొకరు. ఎవరూ సరైన జవాబు చెప్పరు. ఆ మహలును పడగొట్టించినవాడు దాన్ని కట్టించిన తిరుమల నాయకుని సొంత మనవడు, చొక్కనాథ నాయకుడు. శత్రువు కోట ముట్టడించలేదు, అగ్నిప్రమాదం జరగలేదు. రాజు ఊరు మారాడు, తాత ఇంటిని విప్పించి సరంజామాను వెంట తీసుకుపోయాడు.

చరిత్ర పుస్తకాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంలో ముగుస్తుంది. తమిళ దేశంలో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళం కాబట్టి, ఆ వాక్యం దగ్గర మనం కాస్త ఎక్కువసేపు ఆగాలని నాకనిపిస్తుంది. కట్టినవాడూ మనవాడే, విప్పినవాడూ మనవాడే.

ముందు కట్టినవాళ్ళ సంగతి. మధుర నాయక రాజ్యానికి మూలపురుషుడు విశ్వనాథ నాయకుడు. ఇతను విజయనగర ప్రభువుల కొలువులోని నాగమ నాయకుని కొడుకు. 1529లో మధుర పాలన ఇతని చేతికి వచ్చిందని సాధారణంగా లెక్కకడతారు. దళవాయి అరియనాథ ముదలియారు తోడుగా విశ్వనాథుడు రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించాడు. ఆ పాళెగాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. ఈనాడు మధుర, దిండుగల్, తేని, విరుదునగరం, తూత్తుకుడి ప్రాంతాల పల్లెల్లో వినపడే తెలుగు చాలావరకు ఆ రోజుల్లోనూ, దానికి కొంచెం ముందు వెనకలుగానూ వచ్చి స్థిరపడిన కుటుంబాలది. సైనికులు వచ్చారు, వాళ్ళతో రైతులు, నేతగాళ్ళు, తోలుపనివాళ్ళు వచ్చారు. నల్లరేగడి కనపడిన చోటల్లా పత్తి వేసి ఊళ్ళు కట్టుకున్నారు.

మధుర కొలువు తెలుగు సాహిత్యానికి చేసిన సేవ చిన్నది కాదు. కృష్ణదేవరాయల కథ చెప్పే 'రాయవాచకము'ను రాసినవాడు విశ్వనాథ నాయని స్థానాపతి. తెలుగులో వచనం తన కాళ్ళ మీద తాను నిలబడ్డది ఈ గడ్డ మీదే. తరవాతి కాలంలో విజయరంగ చొక్కనాథుడు స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యాన్ని వచనంలో రాశాడు. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా చెప్పింది కూడా ఆ కొలువులోనే. పద్యానికి తంజావూరు, గద్యానికి మధుర అని దక్షిణాంధ్ర యుగాన్ని గురించి చెప్పుకోవచ్చు.

ఆ వంశంలో తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 వరకు, 36 ఏళ్ళు పాలించాడు. శాసనాల్లో ఇతని పేరు తిరుమల శౌరి నాయని అయ్యలుగారు అని కనిపిస్తుంది. ఆ 'అయ్యలుగారు' అనే మాట చదివినప్పుడల్లా నాకు ఒక రాజు గుర్తుకు రాడు. మన ఊళ్ళో అరుగు మీద కూర్చున్న పెద్దాయన గుర్తొస్తాడు.

తిరుమలుడు గద్దెనెక్కేనాటికి రాజధాని మధురలో లేదు. అతని అన్న ముత్తువీరప్ప నాయకుడు దాన్ని తిరుచిరాపల్లికి మార్చాడు. తిరుమలుడు మళ్ళీ మధురకు తెచ్చాడు. దీని వెనక ఒక కథ చెప్పుకుంటారు. రాజుకు వదలని జలుబు జబ్బు పట్టుకుంది. ప్రయాణంలో దిండుగల్లు దగ్గర విడిది చేసి ఉండగా మీనాక్షీ సుందరేశ్వరులు కలలో కనిపించి, మధురలోనే ఉండి మాకు సేవ చేస్తే నీ రోగం పోతుందన్నారట. అతను మొక్కుకున్నాడు, రోగం పోయింది. కథ సంగతి ఎలా ఉన్నా, మధురకు వచ్చాక అతను చేసిన పనులు మాత్రం కళ్ళ ముందున్నాయి. గుడికి తూర్పున పుదుమండపం కట్టించాడు. దాని అవతల రాయగోపురం మొదలుపెట్టాడు, అది పూర్తికాలేదు. ఊరికి తూర్పున పెద్ద కోనేరు తవ్వించాడు. తనకోసం మహలు కట్టుకున్నాడు.

మహలు కట్టిన సంవత్సరం 1636 అంటారు. ఇటలీ దేశపు శిల్పి ఒకడు నమూనా ఇచ్చాడని ఒక ప్రచారం ఉంది. దాన్ని రుజువు చేసే ఆధారం నాకెక్కడా కనిపించలేదు. భవనాన్ని చూస్తే మాత్రం పలు దేశాల పనితనం కలిసి ఉందని తెలుస్తుంది. సుల్తానుల కట్టడాల్లో ఉండే రెక్కల కమానులు, గుమ్మటాలు ఉన్నాయి. వాటి అంచుల్లో మన గుళ్ళలో కనపడే యాళులు, లతలు, దేవతల బొమ్మలు ఉన్నాయి. నడుమ ముంగిలి, నాలుగు వైపులా వసారాలు, ముంగిలి అవతల కొలువు కూటం. దాని పేరు స్వర్గ విలాసం. స్తంభాలు సుమారు 40 అడుగుల ఎత్తు. నలుగురు చేతులు కలిపితే గాని వాటిని చుట్టలేరు. వాటి మీద ఇటుకతో కట్టిన కమానులు, కమానుల మీద గుమ్మటం. ఆ గుమ్మటానికి దూలం లేదు, వాసం లేదు. ఇటుకా సున్నమూ తప్ప దాన్ని నిలబెట్టేది ఏమీ లేదు. గోడల మీద గచ్చు ఈనాటికీ చేత్తో రాస్తే పాలరాయిలా నున్నగా తగులుతుంది. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి నూరి పూశారని చెబుతారు.

ఇది ఒక భాగం. మహలులో ముఖ్యమైన భాగాలు రెండుండేవి. స్వర్గ విలాసంలో రాజు ఉండేవాడు. రంగ విలాసంలో అతని తమ్ముడు ముత్తియాలు నాయకుడు ఉండేవాడు. ఇవి కాక నాటకశాల, పూజా మందిరం, అంతఃపురం, ఆయుధాగారం, పల్లకీల సాల, నౌబత్తు మోగించే చోటు, పరివారం ఇళ్ళు, చెరువు, తోట ఉండేవి. అంటే అది ఒక్క ఇల్లు కాదు, ఊళ్ళో ఊరు. ఈనాడు స్వర్గ విలాసం, నాటకశాల మిగిలాయి. రంగ విలాసం మాయమైంది. తోట, చెరువు, అంతఃపురం ఉన్నచోట వీధులు వచ్చాయి.

ఇంత ఇటుకకు మట్టి ఎక్కడిది? ఊరికి తూర్పున వండియూరు దగ్గర తవ్వారని చెబుతారు. తవ్వగా మిగిలిన గొయ్యిని పూడ్చకుండా రాతిమెట్లు కట్టించి కోనేరు చేశాడు తిరుమలుడు. అదే మారియమ్మన్ తెప్పకుళం. సుమారు 1000 అడుగుల పొడవు, 950 అడుగుల వెడల్పు, నడుమ ఒక దీవి, దీవి మీద మండపం. తవ్వేటప్పుడు బయటపడిన పెద్ద వినాయకుని విగ్రహాన్ని మీనాక్షమ్మ గుడిలో ప్రతిష్ఠించారు. ఆయనే ముక్కురుణి వినాయకుడు. వినాయక చవితికి మూడు కురుణుల బియ్యప్పిండితో, అంటే 18 పడులతో, ఒకే పెద్ద ఉండ్రం చేసి ఆయనకు నైవేద్యం పెడతారు. మహలు గోడలూ కోనేరూ వినాయకుడూ ఒక్క గోతిలోనుంచి వచ్చినట్టు లెక్క. ఈ ముగ్గురిలో గోడలే ముందు పోయాయన్న సంగతి గుర్తుంచుకోండి. దానికి మళ్ళీ వస్తాను.

తిరుమల నాయకుడు గొప్ప నిర్మాత. రాజనీతిలో అతను వేసిన అడుగులన్నీ అంత గట్టివి కావు. విజయనగరపు చివరి ప్రభువు మూడో శ్రీరంగరాయలకు లోబడి ఉండడం ఇష్టంలేక అతను గోల్కొండ సుల్తానును రాయల మీదికి ఉసిగొలిపాడు. రాయలు చితికాడు. గోల్కొండ సేనలు అంతటితో ఆగక దక్షిణానికి దిగాయి. వాళ్ళను ఆపడానికి బిజాపూరును పిలిచాడు. చివరికి సెంజి కోట బిజాపూరు పాలైంది. మధురకు ఉత్తరాన గోడలా నిలిచిన రాజ్యాలు ఒక్కొక్కటే కూలాయి. తాత ఒక చేత్తో మహలు కట్టాడు, ఇంకో చేత్తో దాని ప్రహరీ తీసేశాడు. మనవడికి వచ్చిన ఆస్తి ఈ రెండూ కలిపి.

1659లో తిరుమలుడు పోయాడు. కొడుకు ముత్తువీరప్ప కొద్ది నెలలే పాలించాడు. అదే ఏడు చొక్కనాథుడు రాజయ్యాడు. అప్పటికి చిన్నవాడు. కొలువులో పెద్దలు కుట్రలు పన్నారు. బిజాపూరు సేనలు తంజావూరు మీదా తిరుచిరాపల్లి మీదా విరుచుకుపడ్డాయి. యుద్ధాల వెనకే కరువు వచ్చింది. పడమట మైసూరు, తూర్పున తంజావూరు, ఉత్తరాన బిజాపూరు. ఈ పరిస్థితిలో రాజు సరిహద్దుకు దూరంగా మధురలో కూర్చుంటే రాజ్యం నిలవదు. తిరుచిరాపల్లిలో రాతికొండ మీద కోట ఉంది, పక్కన కావేరి ఉంది, శత్రువుల కదలికలు కనపడే చోటు అది. 1660ల నడుమ చొక్కనాథుడు రాజధానిని అక్కడికి మార్చాడు. ఈ నిర్ణయాన్ని తప్పుపట్టడానికి లేదు.

అయితే రాజుకు కొత్త ఊళ్ళో మహలు కావాలి. ఖజానాలో తాత రోజుల నాటి డబ్బు లేదు. మధురలో తాత మహలు ఉంది, దానిలో ఉండేవాళ్ళు లేరు. చెక్కిన రాతిపని ఉంది, కొయ్యపని ఉంది, అలంకారాలు ఉన్నాయి. వాటిని విప్పించి తిరుచిరాపల్లికి తరలించాడు. రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 130 కిలోమీటర్లు. దిండుగల్లు మీదుగా బండ్లు ఎన్ని రోజులు నడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఒక్కో రాతి కంబాన్ని కిందికి దించడానికి ఎందరు మనుషులు, ఎన్ని మోకులు, ఎన్ని ఎడ్లు కావలసివచ్చాయో. ఆ కూలీల్లో, తమ పడుచుతనంలో ఆ కంబాలను పైకెత్తి నిలబెట్టినవాళ్ళు కూడా ఉండే ఉంటారు. కట్టినదానికీ విప్పినదానికీ మధ్య 30 ఏళ్ళే గడిచాయి మరి.

స్వర్గ విలాసం ఎందుకు మిగిలింది? నా ఊహ ఒకటి చెబుతాను. రాయిని మోసుకుపోవచ్చు, కొయ్యను మోసుకుపోవచ్చు. ఇటుకా సున్నమూ కలిసి గట్టిపడిన కమానును మోసుకుపోలేరు. పడగొడితే పిడికెడు పొడి, బుట్టెడు ముక్కలు. అందుకే తీసుకుపోదగ్గది ఉన్న భాగాలు పోయి, తీసుకుపోతే పనికిరాని భాగం నిలిచి ఉంటుంది. విజయనగరంలో రాయల మహళ్ళ గతి చూడండి. పైన కొయ్య కట్టడం కావడంతో ఈనాడు హంపిలో రాతి అరుగులే మిగిలాయి. మధురలో ఈ కొంతైనా నిలిచిందంటే సున్నం చలవే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో పాత మహలును విప్పి కొత్తది కట్టుకోవడం ఎవరూ పాపమనుకోలేదు. గుడిలో రాయి దేవుడిది, దాన్ని ముట్టుకుంటే దోషం. మహలులో రాయి రాజుది, రాజు ఇష్టం. మన పల్లెల్లో కూడా అన్నదమ్ములు వేరుపడితే పాత మిద్దె దూలాలు పీకి కొత్త ఇంటికి వేసుకోవడం ఎరుగుదుం. చొక్కనాథుడు చేసిన పని అదే, కాస్త పెద్దయెత్తున. చారిత్రక కట్టడం అన్న మాట అప్పటికి పుట్టలేదు. అతను పాడు చేస్తున్నానని అనుకుని ఉండడు. సర్దుకుంటున్నానని అనుకుని ఉంటాడు.

మరి సర్దుకున్నది నిలిచిందా? తిరుచిరాపల్లిలో ఆ మహలు మధుర మహలంతటిది ఎన్నడూ కాలేదు. దానిలో ఈనాడు ఒక కొలువు కూటం మిగిలింది. రాణి మంగమ్మ మహలని పిలుస్తారు, లోపల ప్రభుత్వ మ్యూజియం ఉంది. మధుర మహలు చూసినవాళ్ళు దీన్ని కూడా చూడాలి. అక్కడి వైభవంలో ఎంత పాలు ఇక్కడికి చేరిందో అప్పుడు అర్థమవుతుంది. రెండు మహళ్ళు విప్పి ఒకటి కట్టినా ఒక మహలంత కాలేదన్నట్టుంటుంది.

చొక్కనాథుని తరవాతి కథ ఇంకా బాధ పెడుతుంది. తంజావూరు విజయరాఘవ నాయకుడు తన కూతురిని ఇవ్వడానికి ఒప్పుకోలేదన్న కోపంతో 1673లో ఆ రాజ్యం మీదికి దండెత్తాడు. విజయరాఘవుడు అంతఃపురాన్ని మందు పెట్టి పేల్చివేయించి, తాను పోరులో చచ్చిపోయాడు. రంగాజమ్మ కవిత్వం చెప్పిన కొలువు అది. చేమకూర వేంకటకవి 'విజయవిలాసం' పుట్టిన ఇల్లు అది. ఇక్కడ కూడా తెలుగు కొలువును ఆర్పినవాడు తెలుగు రాజే. ఆ తంజావూరైనా దక్కిందా అంటే, రెండు మూడేళ్ళు తిరక్కుండానే ఏకోజీ పట్టుకున్నాడు, మరాఠా వంశం స్థిరపడింది. 1682లో చొక్కనాథుడు పోయేనాటికి మధుర రాజ్యంలో పెద్ద భాగం ఇతరుల పాలైంది. అతని భార్య మంగమ్మ 1689 నుంచి 1706 దాకా మనవడి తరఫున పాలించి, బాటలు వేసి, సత్రాలు కట్టి, కాస్త కూడదీసింది. 1736లో రాణి మీనాక్షితో వంశమే ముగిసింది.

మధురలో మిగిలిన మహలు శిథిలమవుతూ వచ్చింది. 1792లో థామస్ డానియెల్, అతని అన్నకొడుకు విలియం అనే ఇంగ్లీషు చిత్రకారులు మధురకు వచ్చి దాన్ని బొమ్మ గీశారు. ఆ బొమ్మకు వాళ్ళు పెట్టుకున్న పేరే 'మధుర మహలు శిథిలాలు'. కమానుల మీద మొక్కలు మొలిచి ఉంటాయి అందులో. తరవాత కుంఫిణీ ప్రభుత్వం వచ్చింది. కలెక్టరు బ్లాక్‌బర్న్ 1840ల్లో ఊరు పెరగడానికి అడ్డమని కోట గోడలు పడగొట్టించి కందకం పూడ్పించాడు. ఆ స్థలంలో వచ్చినవే ఈనాటి వెలి వీధులు. పని చేయించిన సర్వేయరు మారెట్ పేరా, మేస్త్రీ పెరుమాళ్ పేరా ఒక్కో వీధి ఉంది. కోటను కట్టించిన నాయకుల పేర కంటే పడగొట్టినవాళ్ళ పేర వీధులు తొందరగా వెలిశాయి.

మహలును కాపాడిన మాట మాత్రం ఇంకొక దొరకు దక్కాలి. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు దాన్ని చూసి మరమ్మతుకు డబ్బు మంజూరు చేయించాడు. వాస్తుశిల్పి చిషోమ్ పని సాగించాడు. బాగయిన భవనంలో జిల్లా కోర్టులు పెట్టారు. 1970 దాకా కోర్టులు అక్కడే నడిచాయి. రాజు కొలువుతీరిన చోట జడ్జీలు కూర్చున్నారు, వసారాల్లో ప్లీడర్లు, గుమాస్తాలు, వాయిదాకు వచ్చిన రైతులు తిరిగారు. దానివల్ల భవనానికి అందం పోయిందని గొణిగినవాళ్ళున్నారు. కానీ మనుషులు మసలిన ఇల్లు కాబట్టే ఆ నూరేళ్ళు పైకప్పు పడిపోలేదు. ఇప్పుడు అది రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది. 1981లో సాయంత్రాలు దీపాలతో, ధ్వనితో కథ చెప్పే ప్రదర్శన మొదలైంది. తమిళంలోనూ ఇంగ్లీషులోనూ తయారుచేశారు. తిరుమల శౌరి నాయని అయ్యలుగారి భాషలో ఆ కథ వినపడలేదు.

పోయిన మహలును చూడాలంటే టిక్కెట్టు అక్కరలేదు. బయట వీధుల్లో నడిస్తే చాలు. మహలుకు దగ్గర్లో పత్తు తూణ్ సందు అని ఒకటుంది. పత్తు తూణ్ అంటే పది కంబాలు. బట్టల దుకాణాల మధ్య, కరెంటు తీగల కింద, పది రాతి కంబాలు ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. వాటి మీద కప్పు లేదు. రంగ విలాసంలో మిగిలినవి ఇవేనంటారు. బండ్లెక్కకుండా ఎందుకు ఆగిపోయాయో తెలియదు. గుడ్డల మూటలు దించుకునే కూలీలు వాటి నీడన కూర్చుంటారు. ఇంకొంచెం నడిస్తే నవబత్‌కానా వీధి, అంటే నౌబత్తు మోగిన చోటు. మహల్ వీధులని వరసగా ఉన్నాయి. వాటిలో సౌరాష్ట్రులు ఎక్కువ. నాయక రాజులకు పట్టు నేసి పెట్టడానికి వచ్చామని చెప్పుకునే ఈ నేతగాళ్ళ ఇళ్ళలో ఈనాటికీ వాళ్ళ భాష వినిపిస్తుంది. మహలు పోయింది, మహలు కోసం వచ్చినవాళ్ళు మిగిలారు.

ఇప్పుడు ఇంకో కూల్చివేతను దీని పక్కన పెట్టి చూడాలి. తూత్తుకుడి జిల్లా పాంచాలంకురిచ్చి. అక్కడి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన కూడా తెలుగు ఇంటి బిడ్డే, రాజకంబళం నాయకుల వంశం. 1799 అక్టోబరు 16న కుంఫిణీవాళ్ళు అతన్ని కయత్తారులో ఉరితీశారు. తమ్ముడు ఊమైదొర 1801లో చెరసాల నుంచి తప్పించుకుని వచ్చి కోటను కొద్ది రోజుల్లో మళ్ళీ లేపాడు. అది కూడా పడ్డాక తెల్లవాళ్ళు ఆ నేలను దున్నించి ఆముదాలు చల్లించారని చెప్పుకుంటారు. మట్టికోట అది. మహలుతో పోలిస్తే గుడిసె. కానీ జనం దాన్ని మరవలేదు. పాటలు కట్టారు, వీధినాటకాలాడారు, 1959లో సినిమా వచ్చింది, 1974లో ప్రభుత్వం అక్కడ జ్ఞాపకార్థం కోట కట్టింది.

తిరుమలుని మహలు కూల్చినందుకు ఒక్క పాట లేదు. ఏడ్చినవాళ్ళ కథ లేదు. శత్రువు పడగొట్టిన దానికి జనం శోకం పెడతారు, కసి పడతారు, తిరిగి కట్టుకుంటారు. ఇంటివాడే నెమ్మదిగా విప్పి, అవసరానికి వాడుకుని, చివరికి రెండుచోట్లా లేకుండా చేసిన దాన్ని గురించి ఎవరు పాట కడతారు? అలాంటి నష్టానికి తేదీ కూడా సరిగా ఉండదు. నాయకుల చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

మహలు పక్కన తిరుమలుని మిగతా పనులను కూడా పెట్టి చూడాలి. మీనాక్షమ్మ కల్యాణం పూర్వం మాసి నెలలో జరిగేదట. అళగరు స్వామి వైగై నదిలోకి దిగే ఉత్సవం చిత్తిరైలో. ఈ రెండిటినీ కలిపి చిత్తిరై పండగ చేసినవాడు తిరుమలుడు అంటారు. శైవులనూ వైష్ణవులనూ ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ ఒక్క పండగలో కలిపాడు. ఈనాటికీ లక్షల మంది వస్తారు. తై పూసానికి తెప్పకుళంలో తెప్ప తిరుగుతూనే ఉంది. పుదుమండపంలో అతని విగ్రహం, అతని ముందు పాలించినవాళ్ళ విగ్రహాలు కంబాలకు ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఆ మండపంలో దశాబ్దాల పాటు దర్జీలు మిషన్లు కుట్టారు, పుస్తకాలూ పాత్రలూ అమ్మారు. మట్టి తవ్విన గొయ్యి నాలుగు శతాబ్దాలుగా నిలిచింది, ఆ మట్టితో కట్టిన గోడలు ఒక్క తరం దాటి నిలవలేదు. కోనేరులో, పండగలో, మండపంలో పదిమందికి చోటుంది. దేవుడికి పని ఉంది, తెప్ప లాగేవాడికి పని ఉంది, పూలమ్మే ఆమెకు బేరముంది. మహలులో ఒక్కరికే చోటు. ఆ ఒక్కడు ఊరు మారితే దాన్ని అడిగేవాళ్ళు లేరు.

మన భాష సంగతి కూడా ఇలాగే నడిచింది. మధుర కొలువులో, తంజావూరు కొలువులో వెలిగిన తెలుగు ఆ కొలువులతోనే ఆరిపోయింది. రాజులు పోయాక దాన్ని చదివేవాళ్ళు తగ్గారు, తాటాకులు కట్టలు కట్టి అటకెక్కాయి. పోనిది పల్లెల్లో తెలుగు. పత్తి ఏరుతూ మాట్లాడుకున్నది, పురుడుపోసిన మంత్రసాని చెప్పినది, కంబళత్తార్ల పెళ్ళిళ్ళలో, దేవర కొలుపుల్లో పాడుకున్నది. లిపి రాకపోయినా, కాగితం లేకపోయినా నాలుగు వందల ఏళ్ళు నోటి నుంచి నోటికి నడిచింది. అది తెప్పకుళం లాంటిది. దానిలో అందరికీ చోటుండేది.

ఈమధ్య కొన్నాళ్ళుగా దాన్ని కూడా విప్పుతున్నాం. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బళ్ళలో తమిళం ఒకటో తరగతి నుంచి వరసగా తప్పనిసరి అయింది. తెలుగు బళ్ళకు దానివల్ల వచ్చిన కష్టం నిజమే, దాని గురించి మన పత్రికల్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మాట్లాడాలి కూడా. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, దాన్ని బాగా నేర్చుకోవడంలో నామోషీ లేదు. కానీ ఇంట్లో అవ్వ తెలుగులో అడిగితే మనవడు తమిళంలో బదులిస్తాడే, ఆ మాట చట్టం చెప్పించింది కాదు. పిల్లవాడికి బళ్ళో తికమక అవుతుందని తల్లి తెలుగు మానేసింది. కొత్త కోడలికి రాదని అత్త మానేసింది. పట్నంలో పొరుగువాళ్ళ ముందు బాగుండదని తండ్రి గొంతు తగ్గించాడు. ఒక్కొక్కదానికీ కారణముంది. చొక్కనాథునికి కూడా కారణముంది. అతనూ బండ్ల మీద ఒక్కొక్క కంబమే పంపించాడు.

అందుచేత ఈ పత్రిక చదివే తెలుగువాళ్ళను, మధుర వైపు వాళ్ళను మాత్రమే కాదు, హోసూరు, బళ్ళారి, గంజాం, షోలాపూరు, యానాం వాళ్ళను కూడా ఒక కోరిక కోరుతున్నాను. మీ ఊరి దగ్గర మనవాళ్ళు కట్టినవి ఏవో ఉంటాయి. కోట బురుజో, సత్రమో, దిగుడు బావో, మంటపమో. పిల్లలను తీసుకెళ్ళి చూపించండి. ఎవరు కట్టారో, ఎవరు పడగొట్టారో రెండూ చెప్పండి. పడగొట్టినవాడు మనవాడైతే ఆ మాట దాచకండి. ఆ కథను వాళ్ళకు తెలుగులో చెప్పండి. పిల్లలు తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో ప్రశ్న వేస్తారు. వేయనివ్వండి. జవాబు మాత్రం మన మాటలో ఇవ్వండి. పత్తు తూణ్ సందులో ఆ పది కంబాలు మిగలడానికి ఎవరూ ఉద్యమం చెయ్యలేదు. ఎవరూ వాటిని బండెక్కించలేదు, అంతే. మన ఇళ్ళలో కూడా అంతవరకు చెయ్యగలిగితే చాలు.